చెరిగిపోవాల్సిన వరుస

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. సొరంగాల దగ్గర తెల్లచీర కథలు ఎన్నో విన్నాను, ఒక్కటీ నమ్మలేదు.

దంతెవాడలో ఒక ఆసుపత్రి రక్తనిధికి మేం వెబ్‌సైట్ తయారుచేశాం. మొదలుపెట్టింది సింహాచలం అన్న, విజయనగరం వైపు మనిషి. నాకు పని నేర్పిందీ ఆయనే. పోయిన వానాకాలం మలేరియా మెదడుకెక్కి చనిపోయాడు. మిగతా పని నా మీద పడింది.

రక్తం సంచిని రోగి పేరున రాయడం, నిల్వలోంచి తీసేయడం, రెండూ కలిసి జరగాలి. మధ్యలో కరెంటు పోతే రెండూ రద్దయిపోవాలి. దీన్ని ట్రాన్సాక్షన్ అంటాం. వివరాలన్నీ దాచే డేటాబేస్‌కు అది చేతనవునో కాదో, మేం వెబ్‌సైట్ కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్ తానే కనిపెడుతుంది. చిన్న టేబుల్, అంటే పట్టిక, ఒకటి సృష్టించి, ఒక వరుస రాసి, రద్దుచేసి చూస్తుంది. ఏమీ మిగలకపోతే చేతనైనట్టే. చివరికి ఆ టేబుల్‌నూ తీసేస్తుంది.

ప్రారంభం రోజు ఉదయం ఆ పరీక్షలో డేటాబేస్ నెగ్గింది. అంతా సిద్ధమని చెప్పేశాను. కాసేపటికి ఎందుకో డేటాబేస్ తెరిస్తే ఆ టేబుల్ ఇంకా ఉంది. అందులో ఒక వరుస. అంకె తప్ప మరేదీ పట్టని చోట తెలుగు అక్షరాలు.

"మరోపాలి సూడు."

నేను ఏ పని ముగించినా, మరోసారి చూడమని సింహాచలం అన్న తన యాసలో అనే మాట అది.

మళ్లీ చూశాను. ఫ్రేమ్‌వర్క్ పరీక్షించింది తాను కొత్తగా చేసుకున్న టేబుల్‌ని. పాత కంప్యూటర్ నుంచి తెచ్చిన రోగుల టేబుల్, నిల్వ టేబుల్ పాత రకం, వాటికి రద్దు చేయడం రాదు. పని మధ్యలో ఆపి చూస్తే, సంచి రోగి పేరున పడింది, నిల్వలోనూ అలాగే ఉంది.

వెబ్‌సైట్ ఇవాళ తెరవనన్నాను. రక్తనిధి చూసే నర్సు, తెలంగాణ సరిహద్దు దగ్గరి ఉసూర్ నుంచి వచ్చిన సిస్టర్, కంగారుపడింది.

"ఏంది మేడం, పొద్దుగాల అంతా ఠీక్ అన్నవు గదా. పెద్ద డాక్టర్‌కు ఏం చెప్పాలె?"

"ఒకే సంచి ఇద్దరికి రాసేస్తుందని చెప్పండి. ఎవరడిగినా నేను తెరవను."

డాక్టర్ హిందీలో చాలాసేపు కోప్పడ్డారు. నేను కదల్లేదు. టేబుళ్లన్నీ మార్చి, కరెంటు పీకి పీకి పరీక్షించి, మర్నాడు తెరిచాం. ఇప్పటికీ సరిగ్గా నడుస్తోంది.

ఆ వరుసను సిస్టర్‌కు చూపిద్దామని వెతికితే టేబుల్ లేదు. నేనే రాసి మరిచిపోయానేమో అనీ అనుకున్నాను. కానీ ఆ ఆసుపత్రి కంప్యూటర్లో తెలుగు టైపు చేసే వీలే లేదు. సిస్టర్‌కు తెలుగు మాట్లాడటమే వచ్చు; అక్కడ తెలుగు చదవడం వచ్చినదాన్ని కూడా నేనొక్కదాన్నే.