లారీలు ఆగిన రోడ్డు

జగిత్యాలలో సైకిల్ రైడ్ ముగించుకుని కోరుట్ల బస్సెక్కాను. మెడలోని మెడల్ ఇంకా తీయలేదు. పక్క సీట్లో బీడీల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్న యాభై ఏళ్లావిడ ఆ మెడల్‌ను వేళ్లతో తడిమి చూసింది.

“గిదెందుకిచ్చిండ్రు బిడ్డా?”

“సైకిల్ తొక్కినందుకమ్మా. అందరూ రోజూ తొక్కాలని ఈ రైడ్ పెట్టారు.”

“మరి నీ సైకిలేది?”

“అది వాళ్లదే. తిరిగిచ్చేశాను.”

ఆమె నవ్వలేదు. తను కూడా పదేళ్లపాటు సైకిల్ మీదే కోరుట్ల కార్ఖానాకు బీడీలు తీసుకెళ్లేదాన్నని చెప్పింది. కొంగు తొలగించి మోచేతి మీద పొడవాటి మచ్చ చూపించింది.

“లారీ తగిలి పడ్డ. గప్పటి సంది మా ఇంటాయన సైకిల్ ముట్టనిస్తలేడు.”

కొంగు మళ్లీ కప్పుకుని అడిగింది. “మీరు తొక్కంగ లారీలు రాలేదా?”

“రాలేదు. పోలీసులు ఆపేశారు.”

ఆమె కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. “రోజూ పొద్దుగాల గంటసేపు గట్ల ఆపితే నేను సుత తొక్కుదును.”

కోరుట్లలో గంప ఎత్తుకుని దిగిపోయింది.

మరుసటి ఏడాది మళ్లీ రైడ్‌కు వెళ్లాను. చౌరస్తాలో మా కోసం ఆపిన లారీల పక్కన, పనికి పోయేవాళ్లు ఇద్దరు తమ సైకిళ్లు పట్టుకుని, మేం దాటేదాకా నిలబడి ఉన్నారు.