బోర్లించిన తెరలో రహీం చాచా

మా చిన్నప్పుడు... ఒక శుక్రవారం మధ్యాహ్నం, జడ్చర్లలో మా పక్కింటి షాహీన్ చాచీ కొంగులో ఏదో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. విప్పితే సీడీ! దుబాయి నుంచి సెలవు మీద వచ్చినాయన ఎవరో తెచ్చి ఇచ్చాడట. అందులో ఆమె భర్త రహీం చాచా కదులుతాడట, మాట్లాడతాడట...

తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. చాచా దుబాయి పోయేనాటికి వాళ్ల బిడ్డ మున్నీ ఇంకా కడుపులోనే ఉంది. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. తండ్రిది ఇంట్లో ఒక్కటే ఫోటో, అదీ పెళ్లినాటిది. నుదుటికి కట్టిన సెహ్రా పూల వెనకాల సగం మొహమే కనిపించేది.

"పండుగకు వస్తున్నడు వదినా. బిడ్డ ఎవరో పరాయోన్ని చూసినట్టు చూస్తే ఆయన పానం ఏమైతది?" అంది చాచీ మా అమ్మతో. రంజాన్ పండుగకు ఇంకా రెండు నెలలుంది. ఆమె ఫికరంతా అదే.

డిగ్రీ చదివే మా అన్న దగ్గర ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఉండేది. మా వీధి మొత్తానికి అదొక్కటే. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుంటే గానీ ఆ గదిలోకి రానిచ్చేవాడు కాదు... పెద్ద డాక్టర్‌లాగా ఫోజు!

కిటికీకి లుంగీ కట్టి చీకటి చేశాం. ఫ్యాన్ గాలికి లుంగీ ఊగినప్పుడల్లా గోడ మీద వెలుగు కూడా మెల్లగా ఊగేది. అందరం చాప మీద కూర్చున్నాం. సీడీ గుయ్యిమని తిరిగింది. మాట వచ్చింది... "మున్నీ బేటా, బాగున్నవా?" చాచీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ తెర మీద ఏమీ లేదు. నల్లగా, అంతే.

"కోడెక్ లేదు" అన్నాడు అన్న. వీడియోను చుట్టి పెట్టేదీ, మళ్లీ విప్పి చూపించేదీ ఆ చిన్న ప్రోగ్రామేనట. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీలన్నీ వెతికి ఒకటి ఎక్కించాడు. ఈసారి పచ్చని గళ్లు వచ్చాయి. ఇంకోటి ఎక్కించాడు. చాచా వచ్చాడు... కానీ తలకిందులుగా! కాళ్లు పైన, తల కింద.

మా బాపు బోరు మోటార్లు బాగుచేసేవాడు. గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు.

"మోటర్ ఉల్టా తిరిగితే ఏం జేస్తం? రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు మారుస్తం. గంతే. బొమ్మ ఉల్టా అయితే డబ్బా ఉల్టా పెట్టురి."

అన్న లబోదిబోమన్నాడు. ఎవరు వింటారు! అమ్మ బొంత మడిచి వేసింది. బాపు, అన్న కలిసి ఆ బరువైన మానిటర్ను బోర్లించి దాని మీద పెట్టారు. చాచా నిటారుగా వచ్చాడు. దుబాయిలో తానుండే గదిలో నేల మీద కూర్చుని రొట్టె తింటున్నాడు, నవ్వుతున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు. మున్నీ మెల్లగా ముందుకు జరిగి తెరను వేలితో ముట్టుకుంది.

"అబ్బా..." అంది, నాన్నను పిలిచినట్టు. ఆ మధ్యాహ్నం ఎంత బాగుందో నేను చెప్పలేను.

చాచీ మాత్రం నొసలు ముడిచింది. "అయ్యో, ఎడమచేత్తో తింటున్నడేంది? గాడికి పోయి గిదేం అలవాటు!"

బొమ్మ నిటారుగా అయింది గానీ అద్దంలోలాగా కుడి ఎడమలు మారిపోయాయి. అన్న అద్దం తెచ్చి మరీ చూపించాకే చాచీ నమ్మింది. నాలుగేళ్ల మున్నీకి అద్దం గొడవ ఎక్కడ ఎక్కుతుంది? అది రోజూ వచ్చేది, బోర్లించిన తెర ముందు కూర్చుని ఎడమచేతి అబ్బాను చూసుకుని పోయేది.

నెల దాటాక అన్నకు జబ్బు దొరికింది. ఒకే కోడెక్‌వి రెండు వెర్షన్లు ఎక్కించాడు. కొత్తది చేయాల్సిన పనికి పాతది ముందు దూకుతోంది. రెండూ పీకేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, కొత్తదొక్కటే ఎక్కించాడు. మానిటర్ మామూలుగా నిలబడింది. చాచా చక్కగా కుడిచేత్తో తిన్నాడు. అన్న మొహం వెలిగిపోయింది.

మున్నీ ఏడుపు అందుకుంది. "గాయన మా అబ్బా కాదు! మా అబ్బా గీ చేత్తో తింటడు!" అని ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. మళ్లీ ఎన్నిసార్లు పెట్టినా అదే మాట. చాచీ కళ్లలో నీళ్లు... మా అన్నకైతే రిపేర్ చేసినందుకు తిట్లు పడ్డాయి.

చాచా రానే వచ్చాడు. ఆ సంబరంలో మేమూ వాళ్లింట్లోనే ఉన్నాం. ఆయన చేతులు చాపితే మున్నీ తల్లి వెనక దాక్కుంది. చాక్లెట్లు చూపించినా రాలేదు. దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి రొట్టెలు పెడితే, ఆయన కుడిచెయ్యి వంకే చూసి తల అడ్డంగా ఊపింది.

చాచీ గొంతు తగ్గించి ఆయనకు సంగతంతా చెప్పింది. మా ఇళ్లలో ఎడమచేత్తో తింటే పెద్దలు వీపు చీరేస్తారు. అయినా చాచా కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క బుక్క... నమలలేక నమిలాడు. కళ్లనీళ్లు కారుతున్నాయి.

మున్నీ వచ్చి ఆయన ఒడిలో కూర్చుంది.

ఇప్పుడు ఏ వీడియో అయినా వేలు పెడితే ఆడుతుంది. దూరాన ఉన్న నాన్నలు రోజూ ఫోన్లో కనిపిస్తారు, పిల్లలు అటు తిరిగి ఆడుకుంటూనే హాయ్ చెబుతారు. నాకు మాత్రం ఒక మనిషిని చూడటానికి అంతమందిమి అంత కష్టపడిన ఆ చీకటి గదే గుర్తొస్తుంది...

మీ ఇంట్లో తెర మీద మొదటిసారి కనిపించిన సొంత మనిషి ఎవరు? రాయండి, చదువుకుంటాను...