నంబరు కనిపించని కాల్

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవైకి దగ్గర పడ్డాక. బడికి వెళ్లాల్సిన వయసులో పలాసలో జీడిగింజలు కొట్టే షెడ్డులో కూర్చున్నాను. తూకం వేసేవాళ్ల పక్కనే ఉండడం వల్ల అంకెలు వచ్చాయి గానీ అక్షరాలు రాలేదు. పెళ్లయి సింగపూరు వచ్చాక కూడా అంకెలతోనే నెట్టుకొచ్చాను. చివరికి మనవరాలిని శనివారం తెలుగు తరగతికి తీసుకెళ్లి, బయట ఊరికే ఎందుకు కూర్చోవాలని నేనూ లోపలికి వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. నా చదువు అలా మొదలైంది. అందుకే రెండువేల సంవత్సరంలో జరిగిన సంగతి ఇన్నేళ్లకు రాస్తున్నాను. అప్పట్లో నాకు నోటితో చెప్పడం ఒక్కటే వచ్చు.

ఆ రోజుల్లో సెరంగూన్ రోడ్డు పక్క సందులో మా ఆయనకు కిరాణా కొట్టు ఉండేది. దాని ముందు భాగంలో ఒక గాజుబల్ల వేసుకుని నేను ఫోన్ కార్డులు, మొబైల్ ఫోన్లు అమ్మేదాన్ని. హైదరాబాదు నుంచి సాఫ్ట్‌వేర్ వాళ్లు వరసగా దిగుతున్న కాలం. వాళ్లు మామూలు రోజుల్లో సాయంత్రం ఆఫీసు అయ్యాక వచ్చేవారు. ఆదివారం మాత్రం షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసే శ్రీకాకుళం, కరీంనగర్ మనుషులతో సందు నిండిపోయేది. నాకు ప్లాన్లన్నీ బ్రోచర్ల రంగులతో గుర్తు. కాగితాలు నింపడానికి డీలరు ఆఫీసు నుంచి ఒక తమిళమ్మాయి వచ్చేది.

ఈ వ్యాపారం తెలియని వారికి కొంచెం చెప్పాలి. కాంట్రాక్టు అంటే రెండేళ్ల ఒప్పందం. నెలనెలా అద్దె కడతామని సంతకం చేస్తే ఫోను చవకగా వస్తుంది. మధ్యలో మానుకుంటే పరిహారం కట్టాలి. దాన్ని ఎర్లీ టెర్మినేషన్ అంటారు. వర్క్ పర్మిట్ మీద వచ్చిన కార్మికుడికి కాంట్రాక్టు ఇవ్వాలంటే ఫోను కంపెనీ పెద్ద డిపాజిట్ అడిగేది. అందుకని మన వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. మంచి ఉద్యోగంలో ఉన్నవాళ్లెవరైనా తమ పేరు మీద ఫోను తీసి కార్మికుడికి ఇచ్చేవారు. పేరు ఒకరిది, ఫోను ఇంకొకరిది. బిల్లు డబ్బు కార్మికుడు నా దగ్గర ఇచ్చేవాడు, నేను కట్టించేదాన్ని.

పాయా లేబర్‌లో ఉండే ఖలీల్ అలా పేరు ఇచ్చినవాడు. హైదరాబాదు అబ్బాయి, తంజోంగ్ పగార్‌లో ఒక కంప్యూటర్ల ఆఫీసులో పని. అతని పేరు మీద ఫోను వాడుకునేది అప్పలనాయుడు, మా శ్రీకాకుళం వైపు వాడే, షిప్‌యార్డులో వెల్డరు, క్రాంజీలో కార్మికులుండే డార్మిటరీలో ఉండేవాడు. మా గాజుబల్ల దగ్గరే ఇద్దరికీ పరిచయం.

కాంట్రాక్టు సగానికి వచ్చిన సమయంలో ఒక ఆదివారం మధ్యాహ్నం అప్పలనాయుడు వచ్చి ఫోను నా ముందు పెట్టాడు.

“అప్పా, నీ ఫోను పాడైపోనాది.” మా వైపు అక్కను అప్ప అంటారు.

“నా ఫోనేటి? కొన్నాక నీదే. ఏటైంది?”

“అంకెలు రావట్నేదు. ఎవుడు కొట్టినా ఖాళీయే.”

కొట్టు ఫోను నుంచి అతని నంబరు కొట్టి చూశాను. మోగింది, దీపం వెలిగింది, తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. అంకెలు లేవు. పిలిచేవాళ్ల నంబరు చూపించే సౌకర్యాన్ని కాలర్ ఐడి అంటారు. అది ఈ ప్లానులో ఉచితమని నేనే చెప్పి అమ్మాను.

నంబరు కనబడకపోతే ఏం కొంప మునిగిందని కొందరు అనుకోవచ్చు. ఆ మనుషుల ఫోను వాడకమే వేరు. డబ్బు దండగని ఒకరికొకరు మిస్డ్ కాల్ ఇచ్చుకునేవారు, ఎవరూ ఎత్తేవారు కాదు. నంబరు చూసి సంగతి తెలుసుకునేవారు. లారీ డ్రైవరు నంబరు కనబడితే లారీ వచ్చిందని అర్థం. వంటతని నంబరు కనబడితే అన్నం అయిందని. ఇండియా నుంచి వచ్చే కాల్‌కి అప్పట్లో నంబరు పడేది కాదు. కాబట్టి ఖాళీ తెర అంటే ఇల్లు. అప్పలనాయుడి భార్య గౌరి ఊరి ఫోన్ బూత్‌కి నడిచి వచ్చి ఒక్క రింగిచ్చి కూర్చునేది. అతను ఫోన్ కార్డు గీకి, అందులోని అంకెలు కొట్టి బూత్‌కి చేసేవాడు. ఇప్పుడు లారీ, అన్నం, ఇల్లు అన్నీ ఒకేలాగ ఖాళీగా వస్తున్నాయి.

“బుధవారం మూడు ఖాళీ కాల్స్ వచ్చినాయి,” అన్నాడు. “గౌరే అనుకుని మూడుసార్లూ బూత్‌కి చేసినాను. ఒక్కసారీ అది నేదు. ఆ బూత్ ముసలాయన, ‘ఏరా నాయుడూ, సింగపూర్లో నీకు పని నేదేటి, నా లైను ఒగ్గవా?’ అన్నాడు.”

“మరి ఆ మూడూ ఎవరు?”

“లారీ డ్రైవరు. కింద నిలబడి కొట్టీసి కొట్టీసి ఎలిపోనాడు. బస్సు మీద పోయి ఫోర్‌మాన్ సేత తిట్లు తిన్నాను.”

“ఆ తిట్లు నీకు కొత్తా?”

నవ్వలేదు. “శుక్రవారం మళ్లీ ఖాళీ వచ్చింది. ఈసారి లారీయే అనుకుని దిగిపోనాను. అది గౌరి. పొద్దు గూకీదాకా బూత్ బల్ల మీద కూకున్నాదట. తొమ్మిదో నెల అప్పా. ఇంక రాదేమో. నొప్పులొచ్చినా కబురెట్టదేమో.”

ఖలీల్‌కు ఫోన్ చేశాను. సాయంత్రం వచ్చాడు. ఫోను పాడైందని చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

“అరే ఆంటీ, ఖరాబు కాలే. నేనే బంద్ చేయించిన. కంపెనీ లెటర్ వచ్చింది. కాలర్ ఐడికి ఈ నెల నుంచి చార్జి అంట. వద్దంటే చెప్పుమన్నరు. నాయుడికి ఊకెనే బరువెందుకని తీసేయించిన. ఫోన్ ఎత్తితే ఎవరో తెలుస్తది గదా.”

“ఎత్తితే తెలుస్తాది సార్,” అన్నాడు అప్పలనాయుడు. “మేం ఎత్తం కదా.”

“ఎత్తకపోతే ఫోన్ ఎందుకయ్యా?”

నేను విడమరిచి చెప్పాను. ఖలీల్ ఇంటికి చేయాలంటే నేరుగా చేసి మాట్లాడతాడు, ఎదురుచూసే పని లేదు. విన్నాక, “అంటే నంబర్ లేకుంటేనే ఇల్లా?” అని అడిగాడు.

“అవును సార్. నంబరుంటే ఇల్లు కాదు.”

ఖలీల్ మా కొట్టు ఫోను నుంచే కంపెనీకి చేసి స్పీకరు పెట్టాడు. రెండేళ్లకు సంతకం పెట్టించుకుని సగంలో ధర ఎలా పెంచుతారని ఇంగ్లీషులో అడిగాడు. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. అతను మాకు తెలుగులో చెప్పాడు. నెల అద్దె పెంచలేదట. ఇది అదనపు సౌకర్యం, దాని రుసుము మార్చుకునే హక్కు ఒప్పందంలోనే ఉందట. కావాలంటే డబ్బు కట్టి తీసుకోవచ్చు, వద్దంటే లేదు. ఈ కారణంతో కాంట్రాక్టు మానుకుంటే మాత్రం పరిహారం తప్పదు.

“బస్సు టిక్కెట్టు పెంచనేదు, సీటుకి వేరే డబ్బులన్నట్టున్నాది,” అన్నాడు అప్పలనాయుడు.

ఖలీల్‌కు కోపం వచ్చింది. “తెంపేద్దాం. పరిహారం నేను కడత. ప్రీపెయిడ్ తీసుకో.”

“నంబరు మారిపోతాది సార్. గౌరికి ఈ నంబరొక్కటే నోటికొచ్చు. బూత్ గోడ మీదా ఇదే రాసున్నాది. ఇప్పుడు కొత్తది ఎవురు పోయి సెప్తారు?”

“సరే, చార్జి నా లెక్కల రాయుండ్రి.”

“వద్దు సార్. పేరిచ్చినారు, సాలు. డబ్బులు కూడా మీవే అయితే రేపు పిల్లకి మీ పేరెట్టమంటాది మా ఆడది.”

“ఖలీల్ నాయుడా? పెట్టు, మంచిగుంటది.”

అప్పుడు నవ్వాడు అప్పలనాయుడు, వచ్చిన తర్వాత మొదటిసారి. పెరిగిన డబ్బు తానే కడతానన్నాడు. ఖలీల్ స్పీకరులోనే, సౌకర్యం తిరిగి పెట్టమని చెప్పాడు. పేరు అతనిది కాబట్టి అతను చెబితేనే వాళ్లు చేస్తారు. రేపు ఉదయానికి వస్తుందని అమ్మాయి మాట ఇచ్చింది. ఆ తర్వాత అప్పలనాయుడు కార్డు గీకి బూత్‌కి చేశాడు. “మళ్లీ నువ్వేనా?” అన్న ముసలాయన గొంతు గాజుబల్ల ఇవతలికి కూడా వినిపించింది. రేపు ఉదయం గౌరిని ఒక్కసారి రమ్మనమని, ఇంక పొరపాటు జరగదని కబురు చెప్పమన్నాడు. ముసలాయన గొణిగాడు గానీ, చెబుతానన్నాడు.

వెళ్తూ నా వైపు తిరిగాడు. “గౌరితో మాటాడినాక నీకొక రింగిస్తానప్పా. ఎత్తకు.”

కంపెనీ మోసం చేసిందని నేను అనను. ఉచితం అన్నది ఎప్పటిదాకా అని నేను అడగలేదు, కొన్నవాళ్లూ అడగలేదు. ఒప్పందంలో రెండేళ్లు మనల్ని కట్టిపడేసే మాట గట్టిగా ఉంటుంది, ధర మాట వదులుగా ఉంటుంది. ఆ రోజు నుంచి ఏ ప్లానులో ఏది కదలదు, ఏది మారవచ్చు అని తమిళమ్మాయి చేత ముందుగా చదివించుకుని అమ్మాను. పేరు ఇచ్చేవాళ్లకు కూడా చెప్పాను, ధర మారుతోందని ఉత్తరం మీ ఇంటికి వస్తుంది, ఫోను వాడే మనిషికి రాదు, అతన్ని అడగకుండా అవునని గానీ కాదని గానీ చెప్పవద్దని. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోను కొనడానికి వచ్చిన ప్రతి మనిషినీ నీకు ఎవరు చేస్తారు, చేస్తే ఎత్తుతావా అని అడగడం అలవాటు చేసుకున్నాను. కంపెనీ అదనం అనుకునేది కొందరికి అదే అసలు ఫోనని అప్పలనాయుడి వల్ల తెలిసింది.

మర్నాడు సోమవారం. కొట్టు షట్టరు సగం ఎత్తి, దేవుడికి దీపం పెట్టి, యార్డులో టీ ఇచ్చే వేళ అయ్యాక ఉండబట్టక అప్పలనాయుడి నంబరు కొట్టాను. ఎంగేజ్‌లో ఉంది. కాసేపు ఆగి మళ్లీ కొట్టాను. ఇంకా ఎంగేజే. గాజుబల్ల తుడిచాను, బ్రోచర్లు రంగుల వారీగా సర్దాను. అప్పుడు కొట్టు ఫోను మోగింది. తెర మీద అతని అంకెలు. ఒక్క రింగే. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుని, షట్టరు పూర్తిగా ఎత్తాను.