అందరికీ ఒకటే గిన్నె

క్షయ ఆస్పత్రిలో నయమై వచ్చాక, ఈ రోజే మొదటిసారి తిరువూరులో మా చర్చికి వెళ్లాను. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆదివారం. అందరూ తాగేది ఒకటే గిన్నెలో. నేను తాగితే తర్వాతివాళ్లు లేచి వెళ్లిపోతారేమోనని భయమేసింది. అందుకే ఆడవాళ్ల వరసలో చిట్టచివర కూర్చున్నాను.

పెనుగొలను నుంచి ఎద్దుబండిలో వచ్చే మరియమ్మత్త ఆలస్యంగా చేరుకుని నా పక్కనే కూర్చుంది. గిన్నె నా దగ్గరికి వచ్చేసరికి ఆమె వైపు చూపించాను.

“ముందు నువ్వు తీసుకో అత్తా,” అన్నాను.

“వరసలో నువ్వే ముందు. తాగవే పిల్లా, పాస్టరుగారు నిలబడ్డారు.”

తాగాను. ఆమె అంచు తుడవకుండానే తాగింది.

బయటికొచ్చాక ఉండబట్టలేక నా జబ్బు సంగతి చెప్పేశాను.

“తెలుసులే. నాకూ భయమేసింది. అయినా నిన్నొదిలేసి లేచి వెళ్లిపోతానా?” అంది.

మా ఇద్దరిలో ఎవరెక్కువ భయపడ్డారో మీరే చెప్పండి.