అంచుకు కట్టిన ఎర్ర దారం

తడిగుడ్డతో నల్లబల్లను తుడిచినప్పుడు ఒక వాసన వస్తుంది. సుద్ద, నీళ్ళు, పాత గుడ్డ కలిసిన వాసన. మొన్న మంగళవారం పొద్దున సూరత్ రింగ్ రోడ్డులో మా చీరల మార్కెట్ గేటు దగ్గర చాయ్ అమ్మే ఆయన తన బోర్డును అలా తుడుస్తున్నాడు. వాన వెలిసిన గాలిలో ఆ వాసన చిక్కగా నా మీదికి వచ్చింది. లిఫ్టు కోసం నిలబడ్డ వరుసలోంచి నాకు తెలియకుండానే పక్కకు జరిగాను. రెండుసార్లు లిఫ్టు వచ్చి వెళ్ళిపోయింది. చాయ్ ఆయన నా వైపు చూసి, చాయ్ కావాలేమో అనుకుని గ్లాసు పైకెత్తి చూపించాడు. సిగ్గుపడి మెట్లెక్కి వెళ్ళిపోయాను.

పైన ఆఫీసులో అందరూ ఒకే ఫోను చుట్టూ మూగి ఉన్నారు. ఉకాయి డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారట, తాపీ నది ఊళ్ళోకి వచ్చేస్తోందట. మునిగిన వీధి, తేలుతున్న స్కూటర్లు ఆ వీడియోలో కనబడుతున్నాయి. ఒకామె అప్పుడే ఇంటికి ఫోను చేసి ఏడుస్తోంది. నేను ఆ ఆఫీసులో చీరల ఫోటోల కింద తెలుగులో వివరాలు రాస్తాను. చీర రంగు, అంచు, కొంగు, ఉతికే విధానం. రాయడం తప్ప మాట్లాడే పని నాకు లేదు, అందుకే అది నాకు నచ్చిన ఉద్యోగం. అలాంటి నేను, "పైన తారీఖు ఎవరైనా చూశారా?" అని హిందీలో అడిగేశాను. అందరూ తిరిగి చూశారు. వీడియోను వేలితో చూపిస్తూ అన్నాను: "ఆ రోడ్డు మధ్యలో ఇప్పుడు మెట్రో స్తంభాలున్నాయి. ఇందులో లేవు. ఇది పాత వీడియో." ఎవరో, "అరే వాహ్, ఈమెకూ మాటలొచ్చు!" అన్నారు. అందరూ నవ్వారు.

నవ్వు నాకు తగల్లేదు. ఆ ప్రశ్న నాది కాదు. అది రాజేశం మాస్టర్‌ది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది.

మాస్టర్ అనగానే బడిపంతులు అనుకుంటారు. ఆయన ఏ బడిలోనూ చెప్పలేదు. సూరత్ మగ్గాల షెడ్లలో మగ్గాలను సరిచేసి నడిపించే పెద్ద పనివాణ్ణి మాస్టర్ అంటారు. ఆయన సిరిసిల్ల వైపు నుంచి కుర్రవాడిగా వచ్చి, నలభై ఏళ్ళు మరమగ్గాల మోతలో పనిచేశారు. ఆ మోత చెవులను తినేసింది. షెడ్డులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు కనుక అక్కడివాళ్ళంతా పెదవుల కదలికను బట్టి మాటలు పట్టుకుంటారు. మాస్టర్‌కు ఇంట్లో కూడా అదే ఆధారమైంది. కోసాడ్ ఆవాస కాలనీలో మా పై అంతస్తులో ఒక్కరే ఉండేవారు. మా నాన్న ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను ఆయన్ను తాతా అనేదాన్ని.

చిన్నప్పుడు నేను మాట్లాడితే అందరిదీ ఒకటే గొడవ: "గట్టిగ మాట్లాడరాదే! నోట్ల ఏమన్న వెట్టుకున్నవా?" బడిలో గుజరాతీ టీచరుదీ అదే మాట. ఒక్క మాస్టర్ మాత్రం ఎప్పుడూ అనలేదు. మొదటిసారి ఆయన ముందు నిలబడి ఏదో గొణిగినప్పుడు నా ముఖంలోకి చూసి నవ్వారు. "నీ గొంతు నాకెందుకు బిడ్డా? పెదవులు కదిలియ్యి, సాలు." ఆ రోజు నుంచి ఆయనతో నేను గొంతే లేకుండా మాట్లాడేదాన్ని. ఎన్ని మాటలో. లోకంలో నన్ను వాగుడుకాయ అని పిలిచిన మనిషి ఆయనొక్కరే.

మా బ్లాకు మెట్ల కింద ఒక నల్లబల్ల ఉండేది. ఏదో బడివాళ్ళు పారేసినదాన్ని మాస్టర్ తెచ్చి మేకులు కొట్టి బిగించారు. రోజూ పొద్దున దాని మీద మూడు సంగతులు రాసేవారు. మొదటిది వార్త. రెండోది పాత ముచ్చట. మూడోది మన ముచ్చట, అంటే మా బ్లాకు సంగతి. వార్తలో గుజరాతీ పేపరులోని పెద్ద సంగతి ఉంటే, దాని కింద ఒకప్పుడు సూరత్ రేవు నుంచి హజ్ యాత్రికుల ఓడలు వెళ్ళేవని ఉండేది. ఆ కిందనే మూడో అంతస్తు పంపు కారుతోందనో, ఫలానా వాళ్ళ పాప నడక మొదలుపెట్టిందనో ఉండేది. మూడింటి అక్షరాలూ ఒకే ఎత్తు. మంత్రిగారి మాటకూ పాప నడకకూ తేడా చూపేవారు కాదు. మా బ్లాకులో తెలుగు రాని ఒడియా వాళ్ళు మాలాంటి పిల్లల చేత చదివించుకుని పనికి వెళ్ళేవారు.

ఆయనకు గుజరాతీ చదవడం రాదు, నేను చదివేది గుజరాతీ మీడియం. అందుకని రోజూ బడికి ముందు మెట్ల మీద కూర్చుని, పేపరు చూస్తూ తెలుగులో పెదవులు కదిలించేదాన్ని. బదులుగా ఆయన నాకు తెలుగు అక్షరాలు నేర్పారు. ప్రతి వార్తకూ ఆయనవి రెండు ప్రశ్నలుండేవి. "పైన తారీకు సూసినవా? కింద ఎవలు జెప్పిన్రో సూసినవా?"

బల్ల అడుగున కొంత చోటు ఖాళీగా వదిలేవారు. అక్కడ మూలన ఒక మేకుకు ఎర్ర దారం వేలాడేది. నేసేటప్పుడు బట్టలో తప్పు పడితే, అది కనబడ్డచోట అంచుకు రంగు దారం కడతారు. నేసిన బట్ట తానును మడతపెట్టేవాళ్ళు ఆ దారం చూసి తప్పు ఎక్కడుందో తెలుసుకుంటారు. దాచిపెడితే బట్ట మొత్తానికే పేరు పోతుంది. బల్ల మీదా అదే పద్ధతి. నిన్న రాసినదాంట్లో తప్పు దొరికితే, దారాన్ని ముడేసి, ఆ ఖాళీలో "నిన్నటి తప్పు" అని రాసేవారు. పంపు మూడో అంతస్తులో కాదు, రెండో అంతస్తులో అని కూడా రాసేవారు. నవ్వేవాళ్ళు నవ్వేవారు.

ఒక ఆదివారం నన్ను కతార్‌గామ్ వైపు పాత ఇంగ్లీషువాళ్ళ సమాధులు చూపించడానికి తీసుకెళ్ళారు. గుమ్మటాలతో, స్తంభాలతో మేడల్లాగున్నాయి. అక్కడ ఆయన చాలాసేపు తల పైకెత్తి నిలబడ్డారు.

"ఊరు గాని ఊరికి బ్యారానికి అచ్చిన్రు బిడ్డా. వీళ్ళూ, అటు డచ్చోళ్ళూ. ఎవల గోరీ పెద్దదని పోటీ వడ్డరంట."

"మనం గూడ గట్లనే అచ్చినం గద తాతా?"

"అచ్చినం. గాని మనకు బత్కంగ ఉండెతందుకు ఇల్లు దొరికెవరకే ఇన్నేండ్లాయె. సచ్చినంక గోపురం ఎవడు కడ్తడు?" అని పెద్దగా నవ్వారు. వినపడనివాళ్ళ నవ్వు, చుట్టుపక్కల పావురాలు లేచిపోయేంత. వచ్చేటప్పుడు తాపీ వంతెన మీద నడుస్తూ, "గోదారి తూర్పుకు పోతది, ఇది పడమటికి పోతది" అన్నారు. ఇంకేం చెప్పలేదు. మర్నాడు పాత ముచ్చటలో ఆ ఒక్క వాక్యమే రాశారు.

నాకు పదమూడేళ్ళప్పటి సంగతి ఇప్పుడు చెప్పాలి. అంతకు చాలా ఏళ్ళ ముందు, రెండువేల ఆరులో వరద వచ్చినప్పుడు మా వాళ్ళందరూ నది ఒడ్డున గుడిసెల్లో ఉండేవాళ్ళు, అన్నీ పోయాయి. ఆ తరువాతే కోసాడ్‌లో ఇళ్ళొచ్చాయి. అందుకే మా బ్లాకులో నీళ్ళ మాటంటే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఆ పొద్దున ఎడతెరిపి లేని వాన, కరెంటు లేదు. నాకు బడిలో పరీక్ష. తొందరగా పేపరు తిప్పుతుంటే చుట్టూ గీత గీసిన ఒక పెట్టెలో కనబడింది: డ్యామ్ నీళ్ళు వదిలారు, ఒడ్డునున్నవాళ్ళు ఖాళీ చేయాలి. అదే చెప్పాను.

మాస్టర్ సుద్దముక్క పట్టుకుని ఆగారు. "పైన తారీకు సూసినవా బిడ్డా?"

నేను చూడలేదు. "సూసిన తాతా" అన్నాను. ఆయన నా పెదవులనే చూస్తున్నారు. రాశారు.

ఆ పెట్టె పేరు "గడిచిన ఏళ్ళలో ఈ రోజు" అని బడిలో తెలిసింది. అదే పేపరు మా టీచరు బల్ల మీద తెరిచి ఉంది. పాత ముచ్చటను వార్త చోట రాయించానన్నమాట. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఎండ కాస్తోంది. పొద్దుటి షిఫ్టుకు మా బ్లాకు నుంచి ఎవరూ పోలేదు. ఒక నిండు చూలాలిని వానలో ఆటో ఎక్కించి, ఊరవతల కడోదరాలో అక్క ఇంటికి పంపేశారు. కింది ఇంటి లచ్చవ్వ సామానంతా మూడో అంతస్తుకు మోసుకుపోతుంటే సంచి చిరిగి అందులోదంతా మెట్ల మీద ఒలికిపోయింది. అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు.

"ఏం మాస్టరూ, వరద యాడిదాకచ్చింది? ఇంక ఎన్నడొస్తదట?" అంటోంది లచ్చవ్వ.

"మా శేఠ్ ఫోన్ల తిట్టిన తిట్టు తిట్టలే. నువ్వే జెప్పు ఆయనకు" అన్నాడు ఇంకొకాయన.

నేను వాళ్ళ వెనక, పుస్తకాల సంచితో. మాస్టర్ అందరి తలల మీదుగా నన్ను చూశారు. నేను పెదవులు కదిలించాను: నేను చెప్తా తాతా. శబ్దం రాలేదు. ఆయన చదివారు. చదివి, నా కోసం ఆగారు. ఎంతసేపో చెప్పలేను. లచ్చవ్వ ఇంకో మాట అనేంత, ఎవరో నవ్వేంత. నా గొంతు రాలేదు. అప్పుడు ఆయన తల దించి, ఎర్ర దారానికి ముడేసి, రాశారు: "పొద్దుటి వార్త తప్పు. పాతదాన్ని కొత్తదని రాసిన. తప్పు నాది."

ఆ రోజు నుంచి ఆయన పేరు వరద మాస్టర్. ఒడియా పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. కొందరు బల్ల వైపు చూడడం మానేశారు. నేను వారం రోజులు ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఎనిమిదో రోజు ఆయనే మా గుమ్మంలోకి వచ్చి పేపరు చూపించారు. "అచ్చింది. సదువుతవా?" కూర్చున్నాను. తారీఖు, వారం, పేపరు అచ్చయిన ఊరు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ముద్రాపకుడి పేరు వరకూ చదివాను. "గంత వద్దు బిడ్డా," అన్నారు నవ్వుతూ. ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు. రావాలని నేను ఎదురుచూశాను. ఆయనా చూశారేమో. ఆ ఏడాదే నేను డైరీ మొదలుపెట్టాను. మూడు సంగతులు, కింద కొంచెం ఖాళీ.

పోయిన ఏడాది మొదట్లో, చలికాలంలో ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. చివరి రోజుల్లో కళ్ళూ మసకబారాయి. నా పెదవులు ఆయనకు కనబడలేదు, నా గొంతు ఆయనకు వినపడలేదు. చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని, అంతే. చెప్పవలసిన మాటకు అప్పటికి దారే మిగల్లేదు. సాగనంపేటప్పుడు ఎవరో ప్రేమగానే అన్నారు, "పాపం, వరద మాస్టర్ పోయిండు" అని.

ఆ మంగళవారం సాయంత్రం ఇంటికి వచ్చి, మెట్ల కింది నల్లబల్ల మీద అతికించిన ట్యూషన్ కాగితాలూ, టిఫిన్ డబ్బాల ప్రకటనలూ పీకేశాను. తడిగుడ్డతో తుడిచాను. ఆ వాసన. వార్త చోట, ఫోన్లలో తిరుగుతున్న వరద వీడియో పాతదని రాశాను. పాత ముచ్చట, మన ముచ్చట ఖాళీగా వదిలి, అడుగున రాశాను: "నిన్నటి తప్పు: ఆనాటి వరద వార్తకు తారీఖు చూడకుండానే చూశానని చెప్పింది నేను. మాస్టర్ కాదు. లచ్చవ్వ బియ్యం ఒలికింది నా వల్లే. ఇట్లు, సరిత." మేకుకు దారం లేదు. మా అమ్మ కుట్టుపెట్టెలోంచి ఎర్రది తెచ్చి కట్టాను.

లచ్చవ్వ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "ఏం రాసినవే? సదువు."

చదివాను.

"గట్టిగ సదువు. నాకేమన్న మాస్టర్ లెక్క పెదవులు సదవొస్తదా?"

మెట్ల మీద ఇద్దరు ముగ్గురు ఆగారు. గొంతు సవరించుకుని మొదటి నుంచి చదివాను. నా మాటలు మెట్ల గోడలకు తగిలి పై అంతస్తుల దాకా పోవడం నాకే వినిపించింది. లచ్చవ్వ తల అడ్డంగా ఊపింది.

"బియ్యం గాదే పిల్లా, జొన్నపిండి. బియ్యమైతే ఏరుకోకపోదునా?"

"సరే అత్తా, దిద్దుతా."

లోపలికి వెళ్ళబోతూ మళ్ళీ ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వరద మాస్టర్ అని మొదలు పేరు వెట్టింది నేను. అది గూడ రాయి."

మర్నాడు పొద్దున ఆ రెండూ రాశాను. బస్సుకు ఇంకా టైముంది. ఎవరూ లేని మెట్ల వైపు తిరిగి, ఆయన కూర్చునే నాలుగో మెట్టుకు ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదవులు కదిలిస్తూ బల్లంతా చదివాను. పైన తారీఖుతో మొదలుపెట్టి.