మూతపడిన కర్మాగారం ఊళ్ళో మగ్గం పని

ఫలక్‌నుమాలో మా ఇంటి ముందుగదిలో ఇరవై ఏళ్ళుగా మగ్గం పని చేస్తున్నాను. జాకెట్ల మీద జరీ, పూసలు, కుందన్లు కుట్టడం. నాకు ఈ పని నేర్పింది మా గల్లీ చివర ఉండే ఉస్తాద్. ఒకప్పుడు ఆయన దగ్గర పన్నెండు మంది కూర్చునేవారు. పని నేర్పడానికి నేను వేరే ఊరికి బయల్దేరే నాటికి ఆయన ఒక్కడే మిగిలాడు. మిగతావాళ్ళలో కొందరు ఆటోలు పట్టారు, కొందరు ఇంటింటికీ పార్సిళ్ళు వేస్తున్నారు. మేం వారమంతా వంగి కూర్చుని కుట్టే డిజైన్‌ను కంప్యూటర్ మిషన్ ఒక్క పూటలో కుట్టి పడేస్తుంటే మమ్మల్ని ఎవరు పిలుస్తారు?

అలాంటి రోజుల్లో ఒక సంస్థ మనిషి మా ఇంటికి వచ్చాడు. బస్సులో ఒక పగలంతా ప్రయాణం చేసేంత దూరంలో ఒక ఊరుందని, అక్కడ అణుశక్తికి సంబంధించిన పెద్ద కర్మాగారం మూతపడిందని, ఊరిని మళ్ళీ నిలబెట్టడానికి పథకం వచ్చిందని చెప్పాడు. అక్కడి ఆడవాళ్ళకు నాలుగు నెలలు మగ్గం పని నేర్పాలి. ఒప్పుకున్నాను. ఆ సంగతి ఉస్తాద్‌కు చెప్తే సూది ఆపి నా వైపు చూశాడు.

"ఈడనే పని లేదు బేటీ. ఆడికి పోయి ఏం నేర్పుతవ్?"

నాలుగు నెలలు నిలకడగా జీతం వస్తుందన్నాను. ఆయన మళ్ళీ సూది పట్టుకున్నాడు.

కర్మాగారం మూతపడితే అందులో పనిచేసేవాళ్ళ ఉద్యోగాలే పోతాయని అప్పటిదాకా అనుకునేదాన్ని. అక్కడికి పోయాక తెలిసింది, పర్మినెంట్ వాళ్ళకు ఏమీ కాలేదు. వేరే రాష్ట్రాలకు బదిలీ చేస్తే సామాన్లు లారీల్లో వేసుకుని పోయారు. క్వార్టర్లన్నిటికీ తాళాలు పడ్డాయి. మిగిలింది వాళ్ళను నమ్ముకుని బతికినవాళ్ళు: గేటు ముందు ఇడ్లీ బండి పెట్టుకున్నామె, వాళ్ళ బట్టలు ఉతికిన కుటుంబం, లోపల కాంట్రాక్టు కింద పనిచేసిన మగవాళ్ళు. వీళ్ళను ఎక్కడికీ బదిలీ చేయరు. ఆ కర్మాగారం కట్టడానికి పొలాలిచ్చింది కూడా వీళ్ళ తండ్రులే. పొలం వెనక్కి రాలేదు. దాని బదులు వచ్చిన పని పోయింది.

ఖాళీగా పడి ఉన్న క్వార్టర్ల కమ్యూనిటీ హాల్లో క్లాసు పెట్టారు. ముప్ఫై మంది వచ్చారు. ఇడ్లీ బండి ఆమె అందరికంటే ముందు కూర్చునేది. ఏళ్ళ తరబడి ఆవిరికి మొద్దుబారిన వేళ్ళకు సూది దొరికేది కాదు. దొరకకపోయినా రోజూ వచ్చేది. వాళ్ళలో ఒకావిడను భర్త సైకిల్ మీద దింపి తలుపు దగ్గరే నిలబడి చూస్తుండేవాడు. కర్మాగారంలో కాంట్రాక్టు వెల్డర్‌గా చేశాడట. వారం అలా చూశాక, "నేను గూడ కూసోవచ్చా మేడం?" అని అడిగాడు. ఆడవాళ్ళు నవ్వారు. మా పాతబస్తీలో ఈ పని ఎక్కువగా చేసేది మగవాళ్ళేనని చెప్పి అతన్ని భార్య పక్కనే కూర్చోబెట్టాను.

అటువంటి చేతిని నేను మళ్ళీ చూడలేదు. మూడో వారానికి అతను కుట్టిన మామిడిపిందె అంచు నేను కుట్టినదానికి ఏమీ తీసిపోలేదు. ఇంత త్వరగా ఎలా పట్టుబడిందని అడిగితే తలెత్తకుండానే చెప్పాడు.

"పైపులు అతికిచ్చేటప్పుడు ఎంట్రుకంత సందు గూడ ఉండొద్దు మేడం. గిది గూడ గసొంటి పనే."

సంస్థ మనిషి వచ్చినప్పుడు అతన్ని చూసి ముఖం చిట్లించాడు. ఇది ఆడవాళ్ళ పథకమని, మగమనిషి పేరు రాయడం కుదరదని అన్నాడు. అందరికంటే బాగా చేస్తున్నాడని నేను వాదించాను. అయితే అతను కుట్టినవన్నీ భార్య పేరు మీద రాయమన్నాడు. అతను అక్కడే కూర్చుని విన్నాడు. "రాస్కోండ్రి. పని దొరికితే సాలు" అన్నాడు.

చివరి రోజు మగ్గాలకు పూలదండలు వేశారు. పెద్దలు వచ్చారు, ఫొటోలు దిగారు, ఊరు మళ్ళీ లేచి నిలబడిందని మాట్లాడారు. అతను కుట్టిన జాకెట్టును అతని భార్య చేత పట్టించి ఫొటో తీశారు. తర్వాత నాకొక కాగితం ఇచ్చారు. ముప్ఫై మందికీ స్వయం ఉపాధి దొరికిందని అందులో రాసి ఉంది. వాళ్ళలో ఒక్కరికి కూడా ఇంకా ఒక్క జాకెట్టు ఆర్డర్ రాలేదు. సంతకం పెట్టాను. పెట్టనంటే ఆఖరి నెల జీతం ఆపుతారేమోనని భయమేసింది. ఎవరూ నన్ను బెదిరించలేదు, నేనే భయపడ్డాను.

రెండు నెలల తర్వాత ఆ భార్యాభర్తలు సంచి నిండా కుట్టిన జాకెట్టు ముక్కలు వేసుకుని ఫలక్‌నుమాలో దిగారు. సంస్థ వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదట. వాళ్ళను వెంటబెట్టుకుని నాకు తెలిసిన దుకాణాలన్నీ తిరిగాను. చివరికి దబీర్‌పురాలో ఒక దుకాణదారు ఆ ముక్కలను వెలుతురులోకి తెచ్చి చాలాసేపు చూశాడు. ఇంత మంచి చేతిపని ఈ మధ్య చూడలేదన్నాడు. ఆపైన మమ్మల్ని మేడ మీదికి తీసుకుపోయి మిషన్ చూపించాడు. ఒకేసారి ఆరు బట్టల మీద సూదులు దిగుతున్నాయి. వెల్డర్ దాని పక్కకు పోయి వంగి, ఒక అంచు పూర్తయ్యేదాకా చూశాడు.

"మంచిగనే కుడుతున్నది" అన్నాడు.

మెట్లు దిగుతున్నప్పుడు అతని భార్య నా వెనక ఆగింది.

"గీ మిషన్ల సంగతి మీకు ముందుగాలనే ఎరుకనా మేడం?"

"ఎరుకనే" అన్నాను.

"మరి మాకెందుకు చెప్పలే?"

నాకూ ఇల్లు గడవాలి కదా అనే మాట నోటిదాకా వచ్చింది. ఆమె సంచి భుజానికెత్తుకుని దిగిపోయింది.

వాళ్ళు తిరిగి ఊరికి పోలేదు. ఇప్పుడు మా పక్క గల్లీలోనే ఒక గదిలో ఉంటున్నారు. అతను ఇనుప గేట్లు చేసే దుకాణంలో వెల్డింగ్ చేస్తాడు. ఆమె దబీర్‌పురాలో అదే మిషన్ దగ్గర కుట్టిన బట్టల వెనక దారాలు కత్తిరిస్తుంది. సంస్థ వేసిన పుస్తకంలోని ఫొటోలో మాత్రం ఆమె ఇంకా ఆ ఊళ్ళోనే మగ్గం ముందు కూర్చుని నవ్వుతూ ఉంది. పక్కన నేను. కింద మా ఇద్దరి గురించీ నాలుగు మంచి మాటలు రాశారు. ఆ పుస్తకం నాకు పోస్టులో వచ్చింది. ఆమెకు పంపలేదు, నేనూ చూపించలేదు.

నీళ్ళ ట్యాంకర్ దగ్గర ఎదురుపడితే ఆమె బిందె జరిపి నాకు చోటిస్తుంది, అంతే. మొన్న మాత్రం ఊరికి పోయి వచ్చిందని తెలిసి నేనే పలకరించాను. అక్కడ ఎలా ఉందని అడిగాను. కర్మాగారం గేటుకు ఒక కాపలావాడు ఉన్నాడట. ఇప్పుడు అక్కడ జీతం ఉన్నది అతనికి ఒక్కడికే. చాయ్ కూడా ఇంటినుంచే తెచ్చుకుంటాడట. ఇడ్లీ బండి ఆమె కూతురి దగ్గరికి పోయిందట.

క్లాసులో నేర్చుకున్నవాళ్ళలో ఎవరైనా కుడుతున్నారా అని అడిగాను.

"ఎవరు కుట్టిస్తరు ఆడ?" అంది. నిండిన బిందె ఎత్తుకుని గల్లీలోకి తిరిగింది.