వెనక వచ్చేవాళ్ళ కోసం తంగేడు మండ

మొన్న మా మనవరాలు స్నేహితులతో ఏదో కొండ చుట్టి రావడానికి పోతూ, ఆ దారి ఎలా ఉందో ముందురోజే ఫోనులో చదువుకుంది. ఎక్కడ రాళ్ళు జారుతున్నాయో, ఎక్కడ బురద ఉందో అంతకుముందు నడిచినవాళ్ళు రాసిపెట్టారట. అబ్బో, అనుకున్నాను. మా కాలంలో ఆ కబురు చెప్పడానికి తంగేడు మండ ఉండేది, మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: జాతరకు కాలినడకన పోయేటప్పుడు ముందు నడిచేవాళ్ళు, దారి చీలిన చోట పోకూడని వైపుకు ఒక మండ విరిచి అడ్డంగా వేసి, ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టేవారు.

నిజాం పాలన పోయిన కొత్తలో నేను మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరి, నాంపల్లి స్టేషను వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. దుకాణం తెరిచిన రోజులు ఎట్లాగో గడిచేవి గాని, ఆదివారం వచ్చిందంటే పొద్దున లేచింది మొదలు మళ్ళీ పడుకునేదాకా నన్ను పేరు పెట్టి పిలిచేవాడు ఉండేవాడు కాదు. ఇక నావల్ల కాదు, దసరాకు ఊరికి పోతే మళ్ళీ రాను అని తీర్మానించుకున్నాను. ఉద్యోగం వదిలానని నాయన తిడతాడు, తిట్టనీ, తిట్టడానికైనా ఒక మనిషి ఉంటాడు గదా.

ఆదివారాలు పొద్దు పుచ్చడానికే నౌబత్ పహాడ్ ఎక్కి, అవతల దిగి, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా చుట్టి వచ్చేవాణ్ణి. అప్పుడది ఉత్త రాళ్ళ కొండే. ఎక్కేటప్పుడు గులకరాళ్ళు చెప్పుల కింద జారేవి, వానలు పడితే బండ మీద పాకుడు పట్టి కాలు నిలిచేది కాదు, దిగే చోట ముళ్ళకంపలు ధోవతి పట్టుకుని వదిలేవి కావు. దారి చీలిన ప్రతిచోటా నా చెయ్యి దానంతట అదే తంగేడు మండ విరిచేది. వెనక ఎవడున్నాడని? పిచ్చి కాకపోతే! అయినా వేయకుండా ముందుకు పోబుద్ధి అయ్యేది కాదు.

దసరా దగ్గర పడ్డ ఒక ఆదివారం, అవతలి దిగుడులో కూర్చుని కాలిముల్లు తీసుకుంటుంటే, నాకంటే పెద్దాయన ఒకరు రొప్పుతూ దిగి వచ్చి, నా చుట్టూ చూసి, "తమ్మీ, మీ వోళ్ళంత ఏరి?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. "ఔరా! మండలు జూసి మన దిక్కోళ్ళెవరో గుంపుగ పోతున్నరనుకున్న. వానలు పడ్డకాన్నుంచి ప్రతి ఐతారం మిమ్ముల అందుకుందామని ఉరుకుతనే ఉన్న. నువ్వొక్కనివేనా?"

ఇద్దరం తెల్లముఖాలు వేసి, ఆ తర్వాత కడుపు పట్టుకుని నవ్వాం. ఆయన ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడట, పెళ్ళాం పిల్లలు సిద్దిపేట పక్క పల్లెలో ఉన్నారట. మొజంజాహీ మార్కెట్ దాకా ఊరి ముచ్చట్లు తెగలేదు, అక్కడ నాకు సీతాఫలాలు కొనిపెట్టి, వచ్చే ఐతారం కలిసి ఎక్కుదాం, కొండ కింద ఉండు అని చెప్పి పోయాడు. సంబరంలో పేరూ అడగలేదు, ఏ ప్రెస్సో కూడా అడగలేదు.

దసరాకు నేను ఊరికి పోలేదు. ఆ ఆదివారం పొద్దున్నుంచీ కొండ కింద కూర్చున్నాను, ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆబిడ్స్‌లో ప్రెస్సుల గడపలన్నీ తొక్కాను. ఏదో ఒక ఐతారం వస్తాడేమో అని ఆగుతూ ఆగుతూ ఉండిపోయాను, అట్లాగే పెళ్ళి, పిల్లలు, ఇదే నా ఊరైపోయింది. తన పల్లెకే వెళ్ళిపోయాడో, జ్వరమే పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు కొండ చుట్టూ భవనాలు, విరవడానికి తంగేడు పుల్ల లేదు, జనం మాత్రం ఒకరినొకరు తోసుకుంటూ పోతుంటారు, వెనక ఎవరున్నారో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. ఆయన రాకుండా పోయినప్పటి నుంచి నేను ఎక్కడా వడిగా నడవలేదు, వెనక ఎవరైనా ఉంటే అందుకుంటారని. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడి అడుగు నెమ్మదించిందంటారు. అననిస్తాను.